డిశ్చార్జి కాగితం మా అత్త చదవగలిగేలా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీల్లో అర పేజీ ప్రకటన ఒకటి వచ్చింది. పొట్ట, తొడలు, చేతుల్లో పేరుకున్న కొవ్వు తీసేస్తామని, పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి పోవచ్చని, మూడో రోజు నుంచి ఉద్యోగం చేసుకోవచ్చని అందులో ఉంది. మా అత్త కళ్ళజోడు పెట్టుకుని ఆ ప్రకటన చివరిదాకా చదివింది. పేపరు మడిచి నా ముందు పెట్టి, "మూడోనాడు నువ్వు యాడుంటివమ్మా?" అని అడిగింది. నిరుడు ఇదే కొవ్వు తీసే ఆపరేషన్ (లైపోసక్షన్) జరిగిన మూడో రోజున నేను మా స్నానాలగది గచ్చు మీద స్పృహ లేకుండా పడి ఉన్నాను. ఎత్తి మంచం మీద వేసింది ఆమె, మా ఆయన. ఆమె ప్రశ్నకు జవాబుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, దయచేసి పూర్తిగా చదవండి.

నాకు 46 ఏళ్ళు. కర్నూలు బుధవారపేటలో ఉంటాం. కోడుమూరు దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. బస్సు దిగాక బడికి కిలోమీటరు పైన నడవాలి. చిన్నప్పటి నుంచి నాకు తొడలు లావు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకా పెరిగాయి. మన ఎండలు మీకు తెలియనివి కావు. శివరాత్రి దాటితే చాలు, తొడలు ఒరుసుకుని చర్మం లేచిపోయేది. చెమట తగిలి మండుతుంటే నిలబడి పద్యం చెప్పలేక కుర్చీలో కూలబడేదాన్ని. రెండేళ్ళు తెల్లవారుజామున ఔట్‌డోర్ స్టేడియంలో నడిచాను. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. తొమ్మిది కిలోలు తగ్గాను. ముఖం పీక్కుపోయింది, గాజులు వదులయ్యాయి, తొడలు మాత్రం అట్లాగే ఉన్నాయి. అప్పుడు హైదరాబాద్ పోయి ప్లాస్టిక్ సర్జన్‌ను కలిశాను.

ఇది చదివి "అందం కోసం పోయి కష్టం కొనితెచ్చుకుంది" అనుకునేవాళ్ళు ఉంటారు. నా బాధ నడక గురించే. అయినా అందం కోసమే పోయిన మనిషి కూడా ఇంటికొచ్చాక అదే నొప్పి పడుతుంది, ఆమె కాళ్ళలోనూ నెత్తురు గడ్డకడుతుంది. ఆ మాట వదిలేద్దాం.

ఖర్చు లక్షా అరవై వేలు. చీటీ పాడి తెచ్చాను. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 28,800. జబ్బుకు చేసే వైద్యానికి ఈ పన్ను ఉండదు, అందానికి చేసేదని లెక్కగట్టిన ఆపరేషన్‌కు ఉంటుంది. మా ఉద్యోగుల హెల్త్ కార్డు దీనికి పనికిరాలేదు, బీమా కూడా. సెలవు పెట్టకుండా గడిచిపోతుందని వేసవి సెలవులు ఎంచుకున్నాను. బడిలోనూ వీధిలోనూ "హెర్నియా ఆపరేషన్" అని చెప్పాను. ఈ రెండూ నేను చేసిన తప్పులే. మొదటిది శరీరాన్ని ఉడకబెట్టింది, రెండోది ప్రాణం మీదికి తెచ్చింది.

ఏప్రిల్ 25న ఆపరేషన్. మూడు గంటలు పట్టిందట. మూడు లీటర్ల దాకా తీశారట. ఒక రాత్రి ఉంచుకుని మర్నాడు మధ్యాహ్నం పంపించారు. సర్జన్ చేతిపని మీద నాకు ఈ రోజుకూ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు అంతా బిల్లు కట్టే కౌంటర్ దగ్గర మా ఆయన చేతిలో పెట్టిన ఒక కాగితం మీద. ముందు వైపు, వెనక వైపు ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం. "అన్నీ ఇందులో ఉన్నాయి సార్" అన్నారు. నిజంగానే అన్నీ అందులో ఉన్నాయి. ఆ సంగతి మాకు ఎనిమిదో రోజు రాత్రి తెలిసింది.

మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. కాగితంలో "యాంబులేట్ ఎవ్రీ టూ అవర్స్" అని ఉంది. ఆ మాట ఆయనకు కొత్త. యాంబులెన్స్ గురించి ఏదో రాశారు, మనకు కారు ఉంది కదా అనుకున్నాడు. రెండు గంటలకోసారి లేచి నడవమని ఆ మాటకు అర్థం. నేను మందు మగతలో ఉన్నాను. హైదరాబాద్ నుంచి కర్నూలుకు రెండు వందల కిలోమీటర్లకు పైనే. తొడల దగ్గర చిన్న రంధ్రాల నుంచి నీరు కారుతోంది, దిగితే చీర తడిసింది నలుగురూ చూస్తారని సిగ్గుపడి, దారి పొడవునా కారు దిగలేదు. పుల్లూరు టోల్‌గేటు దగ్గర మా ఆయన టీ తాగమన్నా వద్దన్నాను. నాలుగున్నర గంటలు కదలకుండా, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. ఈ ఆపరేషన్ చేయించుకుని ఊరికి తిరిగొచ్చేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఒక్క మాట వినండి. గంటకోసారి కారు ఆపండి. చీర తడిస్తే తడవనివ్వండి. దిగి నాలుగడుగులు వేయండి.

ఆ రాత్రి పరుపు మొత్తం తడిసింది. ఎర్రటి నీళ్ళు. మా అత్త దుప్పటి ఎత్తి చూసి గుండె బాదుకుంది. నెత్తురంతా పోతోందనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను. తర్వాత తెలిసింది, అందులో ఎక్కువ భాగం నెత్తురు కాదు. కొవ్వు తీసే ముందు ఆ చోటంతా సెలైన్ నీళ్ళతో నింపుతారు. అందులో నొప్పి తెలియకుండా లిగ్నోకెయిన్, నెత్తురు ఎక్కువ పోకుండా అడ్రినలిన్ కలుపుతారు. అమెరికాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు 1985లో తెచ్చిన పద్ధతి ఇది. అంతకుముందు కొవ్వుతో పాటు నెత్తురు బాగా పోయేదట. ఆ నింపిన నీళ్ళలో మిగిలినవి ఒకటి రెండు రోజులు రంధ్రాల నుంచి కారిపోతాయి. కారిపోవాలనే కొన్ని రంధ్రాలకు కుట్లు వేయకుండా వదిలేస్తారు. కారకపోతేనే లోపల నిలిచి వాపు, గడ్డ అవుతుంది.

ఇదంతా తెలియని మా అత్త ఏం చేసింది? పసుపు కొబ్బరినూనెలో తడిపి, ఆ రంధ్రాలు మూసుకునేలా అదిమి పెట్టింది. కారడం ఆగింది. "సూడు, నెత్తురు నిలిచింది" అని దేవుడికి దండం పెట్టుకుంది. కాగితంలో "డోంట్ ఆక్లూడ్ డ్రెయిన్ సైట్స్" అని ఉంది. నీరు కారే రంధ్రాలు మూయొద్దని దాని అర్థం. మా ఇంట్లో ఆ వాక్యం అర్థమయ్యే మనిషి లేదు. ఎడమ తొడ లోపల నీరు చేరింది. రెండు వారాల తర్వాత సూదితో తీయాల్సి వచ్చింది, రెండుసార్లు.

మా అత్తను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నా రెండు సిజేరియన్లకూ ఆమే చాకిరీ చేసింది. ఆమె చేతిలో నాకు ఒక్క కుట్టు కూడా చీము పట్టలేదు. పురిటికి మన ఇళ్ళలో పెద్దల నుంచి వచ్చిన లెక్క ఒకటి ఉంది. ఏ రోజు ఏం పెట్టాలి, ఎన్నాళ్ళు పడుకోవాలి, తలకు ఎప్పుడు పోయాలి, అంతా ఆమె నాలుక మీద ఉంటుంది. కడుపు కోసినా కాలు కోసినా ఆమెకు తెలిసిన లెక్క అదే. కాబట్టి నన్ను బాలింతలాగే చూసింది. "లేచి తిరగాకు, కుట్లు ఊడతాయి" అంది. "నీళ్ళు శానా తాగాకు, పుండుకు నీరు పడతాది" అని రోజుకు మూడు గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చింది. కందిపప్పు పెట్టలేదు, చీము పడుతుందని. గుడ్డు పెట్టలేదు, వేడి అని. వెల్లుల్లి కారంతో అన్నం, రాత్రికి చారు. బయట 42 డిగ్రీలు. నా ఒంటి మీద నడుము నుంచి మోకాళ్ళ దాకా ఊపిరాడని బిగుతు గుడ్డ.

ఆ గుడ్డ గురించి కొంచెం చెప్పాలి. ఆసుపత్రిలో దాన్ని కంప్రెషన్ గార్మెంట్ అంటారు. రబ్బరులా సాగే మందపు గుడ్డ, రెండు పక్కలా హుక్కులు, వాటి మీద జిప్పు. కొవ్వు తీసిన చోట చర్మం లోపలి కండకు అంటుకోవాలన్నా, వాపు అదుపులో ఉండాలన్నా అది వేసుకోవాలి. నాకు ఆరు వారాలు వేసుకోమన్నారు, మొదట రాత్రీ పగలూ. దాన్ని ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కూలర్ ముందు కూర్చున్నా లోపల చెమట ధారలు. నడుము చుట్టూ చెమటకాయలు లేచాయి. అందుకే చెబుతున్నాను, కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప వాళ్ళు ఎవరూ ఈ ఆపరేషన్‌ను ఎండాకాలంలో పెట్టుకోవద్దు. సెలవు దొరక్కపోతే దొరక్కపోయింది. కార్తీకం దాటాక చలి మొదలైనప్పుడు పెట్టుకోండి.

మూడో రోజు స్నానానికని ఆ గుడ్డ విప్పారు. నేను నిలబడి ఉన్నాను. ఒక్కసారిగా బిగుతు పోయేసరికి నెత్తురు కాళ్ళలోకి దిగిపోయి కళ్ళు బైర్లు కమ్మాయి. తర్వాత గచ్చు చల్లగా చెంపకు తగలడం మాత్రమే గుర్తుంది. మొదటిసారి పడుకుని విప్పుకోవాలి, కాసేపు అట్లాగే ఉండాలి, తర్వాత మెల్లగా లేచి కూర్చోవాలి, పక్కన మనిషి ఉండాలి. ఇదీ కాగితంలో ఉంది.

అయిదో రోజు బరువు చూసుకున్నాను. ఆపరేషన్‌కు ముందు కంటే రెండు కిలోలు ఎక్కువ. లక్షన్నర పోసి, ఇంత నొప్పి పడి, పెరిగానా అని రాత్రంతా ఏడ్చాను. అది వాపు. మొదటి వారంలో బాగా పెరుగుతుంది, తర్వాత వారాల తరబడి మెల్లగా తగ్గుతుంది, అసలు ఆకారం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కమిలిన చోట్లు మొదట నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారతాయి. చర్మం మొద్దుబారి, చేత్తో తాకినా ఎవరిదో ఒళ్ళు తాకినట్టు ఉంటుంది. మొద్దుబారిన చోట నొప్పిగా ఉందంటే మా అత్త ఇసుక మూట వేడి చేసి కాపడం పెట్టింది. వేడి నాకు తెలియలేదు. తీసి చూస్తే బొబ్బ. స్పర్శ లేని చర్మానికి కాపడం పెట్టకూడదని ఎంతమంది ఇళ్ళలో తెలుసు?

ఎనిమిదో రోజు సాయంత్రం కుడి పిక్క పట్టేసింది. కండ పట్టిందని మా అత్త నూనె రాయబోయింది. అప్పటికే కుడి కాలు ఎడమ కాలి కంటే లావుగా ఉందని మా ఆయన గమనించాడు. రెండు కాళ్ళకూ వాపు ఉంటుంది కదా, ఒక్కదానికే ఎందుకు ఎక్కువైందని ఆయనకు అనుమానం వచ్చింది. బండి పనిలో ఒక చక్రం ఒక్కటే వేడెక్కితే వదిలిపెట్టని మనిషి. రాత్రి ఎనిమిదింటికి నన్ను ఆటోలో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. హైదరాబాద్ ఆసుపత్రికి ఫోన్ చేస్తే, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి "రేపు ఓపీకి రండి" అంది. రెండు వందల కిలోమీటర్ల అవతల నుంచి!

ఇక్కడి డాక్టరు ఏ ఆపరేషన్ అని అడిగాడు. నేను హెర్నియా అన్నాను. బయట కుర్చీలో మా వీధి ఆవిడ కూర్చుని ఉంది, తలుపు సగం తెరిచి ఉంది. ఆయన పొట్ట చూసి, కుట్టు ఎక్కడ అన్నాడు. నేను తడబడ్డాను. తొడల మీద బిగుతు గుడ్డ చూసి తలుపు వేయించి, "అమ్మా, ఏం చేయించుకున్నారో చెబితేనే నేను ఏం వెతకాలో తెలుస్తుంది" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వెంటనే కాలి సిరల్లో నెత్తురు ఎట్లా పారుతుందో చూసే డాప్లర్ స్కాన్‌కు పంపాడు. పిక్క లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టింది. చిన్నదే. కదలకుండా పడుకోవడం, నీళ్ళు తాగకపోవడం, ఆపరేషన్ తర్వాత గంటల తరబడి కూర్చుని ప్రయాణం చేయడం, అన్నీ దానికి దారి తీసేవే. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఊపిరాడక మనిషి పోతాడు. సూదిమందులు మొదలుపెట్టి, తర్వాత నెత్తురు పలచబడే మాత్రలు మూడు నెలలు వాడమన్నాడు.

తర్వాత ఆయన మా దగ్గరున్న కాగితం అడిగి తీసుకున్నాడు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. మా అత్త పక్కనే నిలబడి ఉంది. రెండు గంటలకోసారి నడిపించండి అని రాశారు. రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్ళు తాగించండి అని రాశారు. రంధ్రాలు మూయొద్దని రాశారు. పప్పు, గుడ్లు, పెరుగు పెట్టండి, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి అని రాశారు. ఒక పిక్క నొప్పి పుట్టి వాచినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా అదే గంటలో ఆసుపత్రికి పొమ్మని రాశారు. మా అత్త అంతా విని, "ఈ మాటలన్నీ ఆ కాయితంలో మొదట్నుంచీ ఉండాయా?" అని అడిగింది. ఉన్నాయమ్మా అన్నాడు డాక్టరు. ఆమె బయటికి పోయి బెంచీ మీద కూర్చుని, "నా చేతులతో నేనే చేస్తినే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సంపాదకులు గారూ, మా అత్తకు 72 ఏళ్ళు. అయిదో తరగతి చదివింది. ప్రతిరోజూ మీ పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. శ్రీశైలం డ్యామ్‌లో నీటిమట్టం ఎంత, ఉల్లి క్వింటాలు ఎంత, ఏ మండలంలో ఎవరు చనిపోయారు, అన్నీ ఆమె చెబితేనే మాకు తెలుస్తాయి. ఆ కాగితం తెలుగులో ఉండి ఉంటే ఆమె నాలుగుసార్లు చదివేది. ఒక్క అక్షరం జవదాటేది కాదు. చదువురాని మనిషి కాదు ఆమె. తెలిసినా వినని మొండి మనిషీ కాదు. ఆమె చదవగలిగే భాషలో ఎవరూ ఆమెకు ఏమీ రాసివ్వలేదు, అంతే.

మర్నాడు ఆ కాగితాన్ని నేనే తెలుగులో రాయడానికి కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని, గంటలో అయిపోతుందనుకున్నాను. మూడు రోజులు పట్టింది. కంప్రెషన్ గార్మెంట్‌కు "సంపీడన వస్త్రం" అని రాశాను. మా అత్త చదివి, "ఇదేందమ్మా, పెండ్లి గుడ్డనా?" అంది. "బిగుతు గుడ్డ" అని మార్చాను. "ద్రవ స్రావం" అని రాస్తే కొట్టేసి "నీరు కారేది" అంది. "రక్తనాళంలో ఘనీభవనం" అని నేను గర్వంగా రాసిన మాటను "నెత్తురు గడ్డ" చేసింది. "స్పర్శ లోపం" పోయి "మొద్దుబారినచోటు" వచ్చింది. "తగినన్ని నీళ్ళు తాగాలి" అని రాస్తే, "తగినన్ని అంటే ఎన్ని? నాకు మూడు గ్లాసులే తగినన్ని అనిపించె గదా" అంది. అప్పుడు "మన స్టీలు చెంబుతో మూడు చెంబులు, పొద్దు మునిగేలోపు రెండు అయిపోవాలి" అని రాశాం. లీటరు పట్టే చెంబు అది, పాల ప్యాకెట్లు పోసి కొలిచాం. "బరువులు ఎత్తరాదు" అన్నదాన్ని "నీళ్ళ బిందె, గ్యాస్ బండ, బియ్యం మూట, చంటిబిడ్డ, ఏదీ నెల రోజులు ఎత్తకూడదు" అని ఆమే చెప్పి రాయించింది. "గాయాలు మానే వరకు మునిగి స్నానం చేయరాదు" అనేదానికి తుంగభద్ర పేరు, కేసీ కెనాల్ పేరు చేర్చింది. పుష్కరమొచ్చినా మునగొద్దని రాయమంది. నేను చెప్పిన ఏ పాఠం మీదా ఇంత శ్రద్ధగా ఎవరూ ప్రశ్నలు అడగలేదు. ఆ కాగితాన్ని బీరువా తలుపుకు అంటించింది.

అప్పటి నుంచి మా అత్తంత గట్టి నర్సును నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. డాక్టరు సరేనన్నాక గోడ గడియారం చూసి రెండు గంటలకోసారి లేపి, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు పది సార్లు నడిపించేది. ముద్దపప్పు, గుడ్డు, మజ్జిగ, రాగి జావ. నెత్తురు పలచబడే మాత్రలు వాడుతున్నప్పుడు నొప్పికి మెడికల్ షాపులో దొరికే మాత్రలు వేసుకోకూడదని డాక్టరు చెబితే, తన నడుంనొప్పి మాత్రల డబ్బా కూడా నాకు అందకుండా దాచింది. మాత్రలు మధ్యలో ఒక్కరోజు కూడా తప్పనివ్వలేదు.

బడి తెరిచే నాటికి ఏడో వారం. వెళ్ళాను గానీ మెట్లెక్కేటప్పుడు తొడలు బరువుగా లాగేవి. సాయంత్రానికి కాళ్ళు వాచేవి. చర్మం కింద గట్టిగా ఉండలు చేతికి తగిలేవి. మూడో నెలలో అవి కరిగాయి. రాత్రుళ్ళు దురద, సూదులు గుచ్చినట్టు పోట్లు. నరాలు తిరిగి కోలుకుంటున్నాయని డాక్టరు చెప్పాక భయం పోయింది. ఆరో నెలలో, దీపావళి దాటాక, ఒకరోజు బస్సు దిగి బడి దాకా నడిచి, తరగతిలో హాజరు పట్టీ తీశాక గానీ తొడలు ఒరుసుకోలేదన్న సంగతి గమనించలేదు. ఈ వేసవి పుండు లేకుండా గడిచింది. అందుకని ఆపరేషన్ చేయించుకున్నందుకు బాధపడటం లేదు. బరువు మాత్రం రెండు కిలోలే తగ్గింది.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. మా అమ్మ షుగర్‌తో పోయింది. కొవ్వు తీయిస్తే నాకు షుగర్ రాదని కూడా ఒక ఆశ ఉండేది. ఇక్కడి డాక్టరు ఆ ఆశ తీసేశాడు. 2004లో అమెరికాలో లావుగా ఉన్న పదిహేను మంది ఆడవాళ్ళకు పొట్ట మీద కొవ్వు దాదాపు పది కిలోల దాకా తీసి, రెండున్నర మూడు నెలల తర్వాత పరీక్షలు చేశారట. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఏదీ మారలేదు. ఇది చర్మం కింద కొవ్వు తీసే పని. పేగుల చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు దీనితో కదలదు. ఇక తిండి జాగ్రత్త, నడక అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మన పత్రికల్లో ఈ ఆపరేషన్ గురించి రెండే రకాల రాతలు చూశాను. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకున్నారని అన్ని పత్రికలూ రాశాయి. లైపో అన్న మాట చాలా తెలుగు ఇళ్ళలోకి అప్పుడే వచ్చింది, భయంగా వచ్చింది. ఇప్పుడు అర పేజీ ప్రకటనలుగా వస్తోంది, తీయగా వస్తోంది. ఈ రెండింటి మధ్యలో, ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి రేపు పొద్దున ఏం తినాలి, ఎప్పుడు లేవాలి, ఏ నొప్పికి ఆగొచ్చు, ఏ నొప్పికి పరుగెత్తాలి అన్నది ఎవరూ రాయలేదు. ప్రకటనలు వేయొద్దని అనను. పత్రిక నడవాలంటే అవి కావాలని తెలుసు. ఆరోగ్యం పేజీలో ఒక్క ఆదివారం ఆ మిగిలిన సంగతి కూడా రాయించండి.

జిల్లా వైద్యాధికారి గారికి కూడా మీ ద్వారా ఒక మనవి. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నుంచి చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు, "మీరు రోగికి ఇచ్చే జాగ్రత్తల కాగితం తెలుగులో ఉందా, చూపించండి" అని అడగండి. కర్నూలు పెద్దాసుపత్రికి ఆలూరు, ఆదోని నుంచి, గద్వాల, రాయచూరు దాకా జనం వస్తారు. అక్కడ కూడా గోడ మీద ఉన్న తెలుగు చేతిలో పెట్టే కాగితంలో ఉండాలి. ఒప్పుకోలు పత్రం సంగతీ అంతే. నేను ఆరు చోట్ల సంతకం పెట్టాను, అన్నీ ఇంగ్లీషు. రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే నిజమైన అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని మా సహోద్యోగి భర్త, వకీలు, నాకు చెప్పాడు. చదవలేని సమాచారం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? ఆ కాగితం ఆపరేషన్ ముందు రోజే ఇవ్వాలి. రోగికి కాదు, ఇంట్లో చాకిరీ చేయబోయే మనిషిని పిలిచి, కూర్చోబెట్టి, ఆమె చేతికి ఇవ్వాలి. రాత్రి పన్నెండింటికైనా తెలుగులో జవాబు చెప్పే ఒక ఫోన్ నంబరు దాని మీద ఉండాలి.

ఇది ఒక్క కొవ్వు ఆపరేషన్ మాట కాదని మీరు గ్రహించే ఉంటారు. మోకీలు మార్పిడి, గాల్ బ్లాడర్, గుండెకు స్టెంట్, ఏది చేయించుకుని హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో మనవాళ్ళు ఇల్లు చేరినా, ఆ మొదటి పది రోజులు వాళ్ళ ప్రాణం మా అత్తలాంటి వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

నా పేరు, చిరునామా విడిగా రాసి పంపాను. పేరు మాత్రం వేయొద్దు. నా దగ్గర చదువుకునే పిల్లలు పదో తరగతి వాళ్ళు, మీ పత్రిక చదువుతారు. బడిలో మా టీచర్లకు నిజం ఏమిటో నేనే చెప్పేశాను, అది వేరే సంగతి.

మేం రాసుకున్న కాగితం జిరాక్సు ఈ ఉత్తరంతో జతచేశాను. అచ్చువేసే ముందు ఎవరైనా డాక్టరు గారికి చూపించండి, తప్పులుంటే దిద్దించండి. మాటలు మాత్రం దిద్దొద్దు. పెన్నుతో రాసినవి నావి. పెన్సిల్‌తో కొట్టేసి పైన రాసినవి మా అత్తవి. రెండూ ఉన్నచోట ఆమె మాటే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బుధవారపేట, కర్నూలు